మామ మోరికి ముందద్దం

ఈ సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టాలి. బండికి విండ్‌షీల్డ్ ఎలా ఎంచుకోవాలో చెప్పే రాతలు లోకంలో చాలానే ఉన్నాయి. మా శాఖా గ్రంథాలయంలో దొరికినవి చదివాను, ఫోన్‌లో దొరికినవీ చదివాను. అన్నిటిలోనూ బండి నడిపే మనిషి ఉన్నాడు. అతని ఎత్తు, భుజాల వెడల్పు, కళ్ళ మట్టం, అన్నీ ఉన్నాయి. వెనక కూర్చున్న మనిషి మాత్రం లేడు. మాఘమాసం మంచులో మూతికి గుడ్డ కట్టుకోకుండా, చేతిలో ఊదే మోరిని నిలబెట్టి పట్టుకుని, గాలికొండ మలుపులు దాటి పెళ్ళికి వెళ్ళే మనిషి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అలాంటి మనిషిని నా వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయనకు పనికొచ్చే అద్దం కోసం వెతికి, ముందు తప్పుది ఎంచి, తర్వాత సరైనది ఎంచాను. ఇది తెలిసిన మనిషిని నేను కాబట్టి నేనే రాస్తున్నాను. మా వైపు ఎవరూ దాన్ని విండ్‌షీల్డ్ అనరు. ముందద్దం అంటారు. నేనూ అదే అంటాను.

నేను పదో తరగతితో బడి మానేశాను, చదువు మానలేదు. కాఫీ పళ్ళూ మిరియాలూ వేసుకుని శుక్రవారం సంతకి అరకు దిగినప్పుడల్లా, సరుకు దించాక నేరుగా గ్రంథాలయానికే వెళ్తాను. అక్కడి మేడం నన్ను చూడగానే ఫ్యాను వేస్తుంది. ఆ బీరువాల్లో దుమ్ము ఎక్కువగా ఉన్న అరలే నాకిష్టం, ఎందుకంటే వాటిని తీసేది నేనొక్కదాన్నే. ఇంటర్ భౌతికశాస్త్రం ఎవరూ చెప్పకుండానే చదువుకున్నాను. అర్థం కాని పేజీని వదిలేసి వెళ్ళి, మళ్ళీ వారం వచ్చి అదే పేజీ తెరిచేదాన్ని. మా ఊళ్ళో నూట పాతిక సీసీ బండి నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ బండికి గాలి ఎక్కడ ఎలా తగులుతుందో చెప్పగల మనిషినీ నేనొక్కదాన్నే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

మామ అంటే మా అమ్మకి అన్న. మా చుట్టుపక్కల ఊళ్ళలో ధింసా ఆటకైనా, పెళ్ళికైనా మోరి ఊదేది ఆయనే. మోరి చూడనివాళ్ళ కోసం చెప్తాను: సన్నాయికి పొట్టి చుట్టం అనుకోండి. చెక్క గొట్టం, ఒక చివర ఇత్తడి మూతి, రెండో చివర చిన్న ఆకు పీక. ఆ పీకని పెదాల మధ్య పట్టి ఊదాలి. పెదాలు పట్టు ఇవ్వకపోతే ఊపిరి పక్కల నుంచి జారిపోతుంది. అప్పుడు మోరి పలకదు, ఉస్సుమంటుంది.

మా వైపు పెళ్ళిలో పొద్దు పొడిచే వేళకి మొదట మోరి పలకాలి. అది పలికాకే డప్పు మీద పుల్ల పడుతుంది. డప్పు మోగాకే పెళ్ళికూతురిని గడప దాటిస్తారు. కాబట్టి మోరి ఊదే మనిషి పెదాల కోసం ఊరంతా కాచుకుని ఉంటుంది.

దీనికి తోడు మామ ఇంట్లో ఒక కట్టు ఉంది. పెళ్ళిరోజు కోడి కూసిన వేళ మోరిని సొంత పొయ్యి పక్కనున్న గుంజ దగ్గర పెట్టి పూజ చేయాలి. ఇంకొకరి గుంజ దగ్గర చేస్తే ఆ మోరి వాళ్ళ ఇంటిదైపోతుందట. పూజయ్యాక మోరిని నేల మీద పెట్టకూడదు, సంచిలో వేయకూడదు, మూతి పైకి ఉండేలా చేత్తో పట్టుకునే వెళ్ళాలి. ఊదే మనిషి తన మూతి కప్పుకోకూడదు. మొదటి పలుకు అయ్యేదాకా మాట్లాడకూడదు కూడా. ఆ పూటకి నోరు మోరిది.

మేళంలో మిగతావాళ్ళు ముందురోజు సాయంత్రమే జీపులో వెళ్ళిపోతారు. మామ మాత్రం కోడికూతకి పూజ చేసుకుని నా బండెక్కుతాడు. ఆ వేళకి మా వైపు వేరే బండేదీ దొరకదు.

పోయిన మాఘంలో ఒక పెళ్ళికి అలాగే తీసుకెళ్ళాను. దిగేసరికి మామ పెదాలు కర్రముక్కల్లా ఉన్నాయి. పీక నోట్లో పెట్టుకుని ఊదాడు. ఉస్సుమంది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ అంతే. జనంలోంచి ఒకావిడ, "మోరికి జలుబు సేసినట్టున్నాది, మిరియాల కసాయం పట్టండర్రా" అంది. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వబోయాడు గానీ, దానికీ పెదాలు కదల్లేదు. సూర్యుడు చెట్లెక్కాక ఎప్పటికో పలికింది. ఈ ఏడు మాఘంలో మొదటి పెళ్ళికీ ఇదే జరిగింది.

మర్నాడు మేళానికి పెద్దమనిషి మామ ఇంటికి వచ్చాడు. డప్పు వాయించే ముసలాయన. మేమంతా డప్పుతాత అంటాం. అరుగు మీద కూర్చుని అత్త ఇచ్చిన అంబలి తాగి, ముంత కింద పెట్టి చెప్పాడు.

"తమ్ముడా, నాను సెప్పక తప్పదు. గాలికొండ అవతల పెళ్ళి ఒప్పుకున్నాం. అక్కడ పొద్దు పొడుపుకి నీ మోరి పలికిందా, నువ్వు బతికున్నన్నాళ్ళూ తొలి పలుకు నీదే. పలకనేదా, ఆ ఊర్లో ఒకడు ఊదుతాడు. ఆడికి ఇచ్చేద్దాం."

అత్తే అంది: "ఆడి పెదాలు ఇనప పెదాలేటి?"

"కాదమ్మా. ఆడిది ఆ ఊరే. నడిచొత్తాడు. సలి తగల్దు."

"మరైతే మీ తమ్ముడికి ఆ ఊర్లో ఇంకో పెళ్ళి సేసీండి. ఇంకో గుంజ దొరుకుతాది."

డప్పుతాత నవ్వుతూ లేచి వెళ్ళిపోయాడు. మామ మాత్రం నవ్వలేదు. గుంజ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి పొలం ఉంది, కాఫీ మొక్కలున్నాయి, ఆకలితో ఉండిపోయే మనిషి కాదు. కానీ తొలి పలుకు పోయాక ఆయన ఇంకెప్పుడూ మోరి పట్టడని ఆ ఇంట్లో ఉన్న మా ముగ్గురికీ తెలుసు.

మేము చేయనిది లేదు. అత్త వలిసె నూనె కాచి పెదాలకు రాసింది. దారిలో సుంకరిమెట్ట దాటకముందే గాలి దాన్ని గడ్డ కట్టించేది. మఫ్లర్ కడదామంటే కట్టు ఒప్పుకోదు. "మావా, హెల్మెట్‌కి గాజు ఉంటాది, అది దించుకో" అన్నాను. ఆయన సగం హెల్మెట్టే పెట్టుకుంటాడు.

"గాజైతే మాత్రం మూతి కప్పినట్టు కాదేటి?"

"మరి నా బండికి ముందు గాజు పెడితే?"

మామ చాలాసేపు ఆలోచించాడు. ఇది చిన్న ప్రశ్న కాదు. అత్త పొయ్యిలో కర్ర ఎగదోస్తూ తీర్పు చెప్పేసింది: "బండికి పెడితే బండి మూతి కట్టినట్టు. బండేటి మోరి ఊదుతాదా?"

"ఊదదు" అన్నాడు మామ.

అలా మా ముందద్దానికి అనుమతి వచ్చింది.

అరకులో బండి సామాను అమ్మే షాపాయన మైదానం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నా అంటాను. వెళ్ళేసరికి గల్లా దగ్గర టీ తాగుతున్నాడు.

"ఏటి సెల్లెమ్మా, మళ్ళీ బ్రేకు లైనర్లేనా?"

"కాదన్నా. ముందద్దం. గాలి ఆగాలి."

"గాలికేటి, ఇదిగో, నల్లది పెట్టించుకో. అందరూ ఇదే అడుగుతున్నారు. సినిమా బండిలా ఉంటాది."

"మంచులో నల్లది పెట్టుకుంటే ముందు గేదె ఉన్నాదో బస్సు ఉన్నాదో ఎలా తెలుత్తాది?"

"రెండూ పక్కకి తప్పుకోవు గదా. ఏదైతే ఏటి?"

తెల్లవే తీయించాను. నా బండికి పట్టేవి మూడు రకాలు దొరికాయి. ఒకటి మీటర్ మీద టోపీలా కూర్చునే పొట్టిది. ఒకటి మధ్యరకం, పై అంచు కాస్త బయటికి వంగి ఉంటుంది. ఒకటి పొడుగుది, తలుపు రెక్కంత ఉంది. చదివింది చదివినట్టు పరీక్ష చేశాను. ఒక్కొక్క అద్దం వెనక నుంచి గోడమీది క్యాలెండర్ చూశాను. గళ్ళు వంకరపోకుండా కనిపిస్తేనే ఆ అద్దం మంచిది. అంచుల్లో బుడగలున్నాయేమో వేలితో తడిమాను. బిగించే క్లాంపులు హ్యాండిల్‌కి పట్టేవా, లైటు దగ్గర పట్టేవా అడిగాను. షాపాయన టీ గ్లాసు పక్కన పెట్టి, "పెళ్ళిసూపులకి కూడా ఇంత సూడరు సెల్లెమ్మా" అన్నాడు.

నేను చదివిన ప్రతి చోటా ఒక సూత్రం ఉంది: అద్దం పై అంచు నడిపే మనిషి ముక్కు మట్టానికి ఉండాలి. కళ్ళు అద్దం మీదుగా చూడాలి, అద్దంలోంచి కాదు. అలా చూస్తే మధ్యరకమే నాకు సరిపోతుంది. కానీ నేను కొంటున్నది నా కోసం కాదు. మామ నా వెనక, నాకంటే ఎత్తు సీటు మీద కూర్చుంటాడు. కాబట్టి నా సూత్రానికి పైన ఇంకో జానెడు ఉంటేనే ఆయన మూతికి అడ్డు వస్తుందని లెక్క వేశాను. గొడుగు పెద్దదైతే ఇద్దరూ తడవరు కదా. పొడుగుది తీసుకున్నాను. వానకి పనికొచ్చే లెక్క గాలికి పనికిరాదని అప్పటికి నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మామని ఎక్కించుకుని సుంకరిమెట్ట వైపు వెళ్ళాను. పెళ్ళి కాదు కాబట్టి మోరి తీయలేదు; దాని బదులు వెదురు గొట్టం పట్టుకున్నాడు. పూజ లేదు కాబట్టి మాట్లాడవచ్చు. ఆ వెసులుబాటు మామ పూర్తిగా వాడుకున్నాడు.

నాకైతే స్వర్గంలా ఉంది. ఛాతీకి గాలి లేదు, చెవుల్లో హోరు లేదు. ఇంజన్ చప్పుడు ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడంత స్పష్టంగా వినిపిస్తోంది. నా ఎంపికకి నేనే మురిసిపోతూ, "ఎలాగున్నాది మావా?" అని అరిచాను.

"నీకు బాగున్నాదేటి?"

"బ్రహ్మాండంగా ఉన్నాది!"

"నా నెత్తి మీద ఎవుడో గోనెలు దులుపుతున్నాడే, కోడలా! ఆపు! బేగి ఆపు!"

ఆపి వెనక్కి తిరిగి చూశాను. ఆయన కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. పెదాలు అప్పుడే తెల్లబడుతున్నాయి. దానికి తోడు, మంచు తుంపర అద్దం మీద పట్టి నాకు ముందు రోడ్డు చెమర్చినట్టు కనబడుతోంది. పెళ్ళి దగ్గర పడుతోంది, నా చేతిలో ఉన్నది తప్పుడు అద్దం.

"ఒగ్గేయే" అన్నాడు మామ తిరుగుదారిలో. "ఆ కుర్రోడికే ఇచ్చేద్దాం. ఆడూ బాగానే ఊదుతాడట." ఆ మాట ఆయన వెదురు గొట్టం వైపు చూస్తూ అన్నాడు.

నేను వదిలేసే రకం కాదు. శుక్రవారం గ్రంథాలయానికి వెళ్ళి, పిల్లల అరలో ఉన్న విమానాల బొమ్మల పుస్తకం తీశాను. అది నాకు ముందే తెలుసు. అందులో ఒక బొమ్మ ఉంది: విమానం రెక్క మీద వరసగా దారం ముక్కలు అంటించి ఉంటాయి. గాలి కంటికి కనిపించదు, దారం కనిపిస్తుంది. దారం ఎటు తిరిగితే గాలి అటు వెళ్తోందన్నమాట. మేడం నా భుజం మీదుగా చూసి, "విమానం కొంటున్నావా?" అని అడిగింది. "ముందు దారం కొంటున్నానండీ" అన్నాను.

కొనక్కర్లేదు, అత్త జడకి కట్టుకునే ఎర్ర ఊలు ఉంది. ముక్కలు చేసి మామ హెల్మెట్ అంచుకి, చొక్కా కాలరుకి, భుజాలకి, గడ్డం కింద పట్టీకి, వెదురు గొట్టానికి కట్టాను; నా హెల్మెట్‌కీ ఒకటి కట్టుకున్నాను. అత్త ఫోన్ పట్టుకుని మలుపు దగ్గర నిలబడింది. మేము ఆమె పక్క నుంచి వెళ్ళేటప్పుడు వీడియో తీయాలి. మొదటిసారి తిరిగి వచ్చి చూస్తే ఆకాశం వచ్చింది. రెండోసారి మామ మొహం ఒక్కటే వచ్చింది.

"దారాలు తీయమన్నాను గదా అత్తా!"

"పళ్ళికిలించుకుని వత్తంటే దారాలేటి కనపడతాయే?"

మూడోసారి సరిగ్గా వచ్చింది. వీడియోని నెమ్మది చేసి ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. బండి ముందుకు వెళ్తోంది, మామ గడ్డం కింది దారాలు కూడా ముందుకే, నా వీపు వైపు ఎగురుతున్నాయి.

"బండి ఎనక్కెల్తందేటి?" అన్నాడు మామ.

"కాదు మావా. గెడ్డలో పెద్ద బండరాయి ఉంటే నీళ్ళు దాని మీదెక్కి, ఎనకాల సుడి తిరుగుతాయి గదా? అద్దం బండరాయి. నాను రాయి ఎనకాలే నక్కిన చేపని. నువ్వు సరిగ్గా సుడిలో ఉన్నావు."

"సుడిలో చేప బతుకుద్దేమో గానీ మోరోడు బతకడు."

పొడుగు అద్దం వెనక గాలి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపడానికి వెనక నుంచి, పక్కల నుంచి గాలి తిరిగి వస్తుంది. ఆ తిరిగొచ్చే గాలే గోనె దులిపినట్టు మామ మొహం మీద కొడుతోంది. ఇది తెలిశాక ఏం కావాలో కూడా తెలిసింది. గాలిని ఆపేసే అద్దం కాదు, గాలిని చీల్చి ఇద్దరి మీదుగా పంపే అద్దం కావాలి. దాని కింద కొంచెం సందు కూడా ఉండాలి, ఆ ఖాళీలోకి కాస్త గాలి మెల్లగా పోవడానికి.

అదే రోజు మామనీ అత్తనీ కూడా ఎక్కించుకుని షాపుకి వెళ్ళాను. దారాలు విప్పనివ్వలేదు. సంతరోజు కావడంతో బజారంతా జనం. ఎర్ర ఊలు వేలాడుతున్న మామని చూసి పసుపు కొమ్ములమ్మే ఆవిడ, "ఏ దేవుడికి మొక్కావు బావా?" అని అడిగింది. "బండి దేవుడికి" అన్నాడు మామ.

షాపాయన మొదట ససేమిరా అన్నాడు. "బిగించిన అద్దం ఎనక్కి తీసుకోను సెల్లెమ్మా. గీత పడుంటాది."

"గీత సూపించు అన్నా. పొడి గుడ్డ తగలనీలేదు, పెట్రోలు తగలనీలేదు. సబ్బునీళ్ళతోనే కడిగాను."

వెలుతురుకి పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. దొరకలేదు. "ఎందుకు నచ్చలేదో అదైనా సెప్పు" అన్నాడు. వీడియో చూపించాను. ఒకసారి చూసి, వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత షాపు వదిలి బయటికి వచ్చేసి, "పెద్దాయినా, ఓపాలి కూకో. నాను సూడాల" అన్నాడు. అప్పటి నుంచి ఆ అద్దం నాదో ఆయనదో తెలియకుండా పోయింది.

పొట్టిది బిగించి స్టేషన్ రోడ్డు దాకా వెళ్ళి వచ్చాం. దారాలన్నీ వెనక్కి కొరడాల్లా కొట్టుకున్నాయి. అద్దం లేనప్పటికీ దీనికీ తేడా ఏమీ లేదు. మధ్యరకం నిటారుగా బిగించి వెళ్ళాం. భుజాల దగ్గర దారాలు నెమ్మదించాయి, గడ్డం కింద ఇంకా గిరగిరా తిరుగుతున్నాయి. అప్పుడు కింది క్లాంపులకి వాషర్లు వేసి అద్దం పై అంచు నా వైపు వాలేలా చేయించాను. లైటుకీ అద్దానికీ మధ్య రెండు వేళ్ళ సందు వదలమన్నాను. షాపాయన గొణిగాడు. "గాలి రాకుండా పెట్టుకుని మళ్ళీ గాలికి సందేటి?" అన్నాడు గానీ, నేను చెప్పినట్టే బిగించాడు.

ఈసారి వచ్చిన వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మామ గడ్డం కింది దారాలు నిద్రపోతున్న పిల్లి తోకల్లా వేలాడుతున్నాయి. అంత వేగంలోనూ అప్పుడప్పుడు ఒకటి కొస ఆడిస్తోంది, అంతే.

కానీ నా హెల్మెట్‌కి కట్టిన దారం మాత్రం పిచ్చెత్తినట్టు కొట్టుకుంటోంది. అద్దం దాటిన గాలి నేరుగా నా తలకి తగిలి, అక్కడి నుంచి పైకి లేచి మామని దాటిపోతోంది. అంటే మామకి సగం అడ్డం అద్దమైతే, మిగతా సగం నా తలకాయ. షాపాయన అది గమనించాడు. "ఒక వాషర్ తీసేస్తే నీకు హాయిగా ఉంటాది సెల్లెమ్మా. పెద్దాయినకి కొంచెం తగులుద్ది, అంతేగా."

"ఒద్దన్నా. ఇలాగే బిగించీ" అన్నాను. పుస్తకాల లెక్కలో అది తప్పు ఎంపిక. నా లెక్కలో అదే సరైనది.

పెళ్ళినాడు కోడి కూయగానే మామ గుంజ దగ్గర పూజ చేసి, మోరి పట్టుకుని, మాట లేకుండా బండెక్కాడు. అత్త ఎదురుగా నిలబడి అద్దాన్ని కొంగుతో తుడవబోయింది. "పొడి గుడ్డ ఒద్దు అత్తా!" అని అరిచాను. "నీ అద్దం బంగారం గానూ" అని కొంగు నడుముకి దోపుకుంది.

సుంకరిమెట్ట దాటాక మంచు పాలలా ఉంది. అద్దం మీదుగా చూస్తూ రోడ్డు అంచుని పట్టుకుని నడిపాను. గాలికొండ దగ్గర అసలు గాలి మొదలైంది. నా హెల్మెట్‌లో రైలు సొరంగంలోంచి పోతున్నంత హోరు. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. వెనక నుంచి మాట లేదు. ప్రయత్నాలన్నిటిలో తిట్టిపోసిన మామ ఇప్పుడు మాట్లాడడు, నేను అడిగినా చెప్పడు. పక్కద్దంలో చూస్తే మోరి ఇత్తడి మూతి ఒక్కటే కనబడుతోంది, కదలకుండా నిటారుగా. దారాలు కట్టుకుని రమ్మన్నా బాగుండేది. పెళ్ళికి వెళ్తూ అడగలేకపోయాను.

మేము చేరేసరికి తూరుపు తెల్లబడుతోంది. పెళ్ళింటి ముందు జనం చలిమంట చుట్టూ ఉన్నారు. డప్పుతాత డప్పుని మంటకి వెచ్చబెడుతూ మా వైపు చూశాడు గానీ లేవలేదు. ఆయన పక్కనే ఆ ఊరి మనిషి, పాతికేళ్ళవాడు, తన మోరిని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

మామ దిగాడు. మంట దగ్గరికి వెళ్ళలేదు. పీకని నాలుకతో తడిపి, పెదాల మధ్య పెట్టుకుని, కొండ అంచుమీద మొదటి ఎరుపు కనబడేదాకా ఆగాడు. నేను హెల్మెట్ తీయడం కూడా మర్చిపోయాను. ఆయన ఊపిరి తీసుకున్నాడు. బుగ్గలు నిండాయి.

మోరి పలికింది. మొదటి ఊపిరికే, ఎక్కడా చీలకుండా, అవతలి కొండకి తగిలి మళ్ళీ మా దగ్గరికి వచ్చేంతగా. డప్పుతాత ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పుల్ల ఎత్తి కొట్టాడు. లోపల పెళ్ళికూతురు గడప దాటింది. ఆ ఊరి మనిషి చంకలోని తువ్వాలు విప్పలేదు. నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అద్దం కింది సందులో వేళ్ళు పెట్టి చూశాడు.

"అక్కా, ఈ అద్దం ఎక్కడిది? మా బాబు డప్పుకెల్తాడు, ఎనక కూకుంటే సలికి సచ్చిపోతన్నాడు."

ఎక్కడిదో చెప్పాను. ఎలా వాల్చి బిగించాలో నేల మీద పుల్లతో గీసి మరీ చూపించాను.

తొలి పలుకు అయిపోయింది కాబట్టి మామ ఇప్పుడు నోరు తెరవవచ్చు. మోరిని భుజాన ఆనించుకుని నా దగ్గరికి వచ్చాడు. ఏదో గొప్ప మాట అంటాడని చూశాను.

"కోడలా, నీ ఎనక సీటు మా గట్టిగున్నాది. దానికీ ఏదో పుస్తకం సదువు" అన్నాడు.

ఇక మిగిలింది సాయం చేసినవాళ్ళకి దండాలు పెట్టడం. పేరు పేరునా చెప్దామనుకున్నాను గానీ, అడిగితే ఎవరూ తమ పేరు రాయనివ్వలేదు. అందుకని మేము పిలుచుకునే పిలుపులతోనే చెప్తాను. ఫ్యాను వేసి, విమానాల పుస్తకాన్ని గడువు దాటినా అడగకుండా నా దగ్గరే ఉంచిన గ్రంథాలయం మేడంకి. గీత దొరకకపోతే ఒప్పుకుని, షాపు వదిలి రోడ్డు మీదికి వచ్చిన షాపు అన్నకి. ఆయన ఇప్పుడు వచ్చినవాళ్ళని వెనక ఎవరు కూర్చుంటారని అడిగి మరీ అద్దం ఇస్తున్నాడు. చెప్పక తప్పని మాట చెప్పి, కొట్టాల్సిన వేళకి ఆలస్యం లేకుండా కొట్టిన డప్పుతాతకి. చంకలో మోరి ఉన్నా తువ్వాలు విప్పని ఆ ఊరి తమ్ముడికి. బండి మూతి వేరు, మనిషి మూతి వేరు అని తేల్చి, జడ ఊలు ఇచ్చి, మూడోసారికి వీడియో సరిగ్గా తీసిన అత్తకి. ఎర్ర దారాలతో సంతంతా తిరిగి, పలకాల్సిన వేళకి పలికించిన మామకి.

సీటు సంగతి చదువుతున్నాను.